అమెరికా స్వాతంత్ర్య సమరము: కర్తృత్వవిచారము

ఉత్తర అమెరికాఖండపుఁ దూర్పుతీరమునందలి పదుమూఁడు ఆంగ్లేయ వలసరాజ్యములవారు 1775 వ సంవత్సరము మొదలు 1783 వఱకు ఇంగ్లండుతోఁ బోరి స్వతంత్రులైరి. ఈ వృత్తాంతము జగద్విదితము. కాని యీ జయమునకుఁ గర్త లెవ్వరను విషయమునఁ జరిత్రకారులలో నైకమత్యము లేదు. వలసవారి ధైర్యసాహసములే జయహేతువులని కొందఱి మతము. ఫ్రాన్సుదేశపు ధనమును, మందుగుండును, ఓడలును లేకున్న నీ జయము సిద్ధింపదు గాన ఫ్రెంచివారే నిజమైన జేతలని మఱికొందఱి మతము. మూఁడువేల మైళ్ల సముద్రమున కావలనుండి యుద్ధము నడపఁబూనిన యింగ్లండు తన తప్పిదములచేతనే యోడెననియు, వలసవారు గెలిచిరనుట యుపచారమాత్ర మనియుఁ దక్కినవారు వాదింతురు.

ఈ మూఁడు పక్షములలో నేది గ్రాహ్యమో నిర్ణయించుటకు ముందు స్వతంత్రుఁ డనఁగా నెవఁడో తెలిసికొనవలయును. ఒరుల సాయ మించుకయుఁ గొననివాఁడే స్వతంత్రుఁ డని లోకులు తలఁతురు. వ్యాకరణశాస్త్ర మట్లు చెప్పదు. క్రియను సాధించు కారకములలో స్వతంత్రముగా నుండుదానికే పాణిని కర్తృసంజ్ఞ నిచ్చెను. దేవదత్తుఁడు కుండలోఁ గట్టెలతో నన్నము వండుచున్నాఁ డనుచోఁ గుండయుఁ గట్టెలును లేక వంట జరుగదు. ఐనను వంటకుఁ గర్త దేవదత్తుఁడే కాని కట్టెలు గావు. కావున సాధనాపేక్షచేత స్వాతంత్ర్యమునకు హాని లేదు.

మఱి తక్కిన కారకములకంటెఁ గర్తయం దున్న విశేష మేమి? భర్తృహరి వాక్యపదీయమున సాధనసముద్దేశమునందు దీనికిఁ గొన్ని హేతువులను జెప్పియున్నాఁడు. వానిలో నైదు ప్రకృతమున కుపకరించును. కర్త తక్కిన సాధనములకంటె ముందే శక్తిని బొందియుండును. సాధనములు లేనిచోటను గర్త కానవచ్చును. సాధనమునకుఁ బ్రతినిధి దొరకును గాని కర్తకుఁ బ్రతినిధి లేఁడు. సాధనములు కర్త కధీనములై ప్రవర్తించును. ప్రవర్తించుచున్న వానిని నిలుపువాఁడును గర్తయే. ఈ యైదు లక్షణములును అమెరికా వలసవారియం దెంతవఱకుఁ గుదురునో చూచినచోఁ బైవివాదము తీఱును.

మొదటి లక్షణము పూర్వశక్తి. 1763 లోఁ బారిసు సంధితో సప్తవర్షయుద్ధము ముగిసెను. కెనడా యింగ్లండు వశమైనది. దానితోడనే యింగ్లండు ఋణము రమారమి రెండింత లైనది. వలసల రక్షణమునకై యుంచిన సైన్యపు వ్యయములోఁ గొంతభాగమును వలసవారే భరింపవలయునని లండనులోని మంత్రులు తలంచిరి. 1765 లో ముద్రాపత్రముల చట్టము పుట్టెను. వ్యవహారపత్రములు, వార్తాపత్రికలు, పంచాంగములు, తుదకుఁ బేకముక్కలు గూడఁ బన్నుముద్ర గలవై యుండవలెనని విధి. పన్ను మిక్కిలి పెద్దది కాదు. కాని దానిని విధించిన సభలో వలసవారి ప్రతినిధి యొక్కఁడును లేఁడు. వివాదమునకు మూల మిదియే. తమ శాసనసభలను దామే యెన్నుకొని, తమ పన్నులను దామే విధించుకొనుట కెన్నో యేండ్లుగా నలవాటుపడినవారికి, ఒరులు విధించిన పన్ను చిన్నదైనను దాస్యచిహ్నముగాఁ దోఁచెను. ఆ యేఁటి అక్టోబరు మాసమునఁ దొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్కునఁ గూడి యాక్షేపించిరి. వర్తకు లాంగ్లేయ సరకులను దెప్పింపమని ప్రతిజ్ఞచేసిరి. 1766 లోఁ జట్టము రద్దయ్యెను. కాని వలసలపై నెట్టి శాసనమునైనఁ జేయుటకుఁ దన కధికారము కలదని పార్లమెంటు వెంటనే మఱొక చట్టము చేసెను. పన్ను పోయినను బన్ను వేయు హక్కు పోలే దన్నమాట.

1767 లో గాజు, కాగితము, సీసము, రంగులు, తేయాకు అను సరకులపై సుంకము లేర్పడెను. 1770 లోఁ దేయాకు సుంకము తప్పఁ దక్కినవి తొలఁగింపఁబడెను. ఈ తేయాకుకడనే హిందూదేశచరిత్రము వచ్చి యమెరికా చరిత్రముతోఁ గలియుచున్నది. బంగాళమున దివానీ సంపాదించిన తూర్పు ఇండియా కంపెనీ కొలఁది యేండ్లలోనే యప్పులపాలయ్యెను. యుద్ధవ్యయములును, ఉద్యోగుల దురాశయు, 1770 నాఁటి బంగాళపుఁ గఱవును దాని ధనబలమును గ్రుంగఁదీసెను. చీనానుండి తెచ్చిన తేయాకు లండను కొట్లలో నమ్ముడుపోక నిలిచియుండెను. ఆ సరకును నేరుగా నమెరికాలో నమ్ముకొనుటకు 1773 నాఁటి చట్టము కంపెనీకి ననుజ్ఞ యిచ్చెను. ధర తగ్గెను; సుంకము మాత్రము నిలిచెను. చౌకసరకుతోఁ దమచేత సుంకము నొప్పించుటయే దీని యుద్దేశమని వలసవారు గ్రహించిరి. బంగాళమునఁ గంపెనీ చేసిన దోఁపిడియే రేపు తమకును బట్టునని కరపత్రములు బయలుదేఱినవి. డిసెంబరు 16 వ తేది రాత్రి బోస్టను రేవులోఁ గొందఱు మూఁడోడల నెక్కి 342 పెట్టెల తేయాకును సముద్రములోఁ బాఱఁబోసిరి.

1774 లోఁ బార్లమెంటు బోస్టను రేవును మూయించి, మసాచుసెట్సు వలసకుఁ గల పూర్వపు హక్కులను దగ్గించెను. దండన మొక్క వలసకు, భయము పండ్రెండింటికి. సెప్టెంబరులో జార్జియా తప్పఁ దక్కిన పండ్రెండు వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలోఁ గాంగ్రెసుగాఁ గూడిరి. ఆంగ్లేయ సరకులను బహిష్కరింప నిశ్చయించి, ఆ నిశ్చయమును నడపుటకుఁ బ్రతి గ్రామమునను బట్టణమునను సంఘముల నెన్నుకొనుఁడని యాజ్ఞాపించిరి. ఈ సంఘములే యుద్ధమునకుఁ బ్రాణము. వర్తకుల చిట్టాలను జూచుట, స్థానికదళములకుఁ గవాతు నేర్పించుట, మందుగుండు కూర్చుట, విరోధులను గనిపెట్టుట మున్నగు పనులన్నియు వీనివే. గవర్నరులు తమ మందిరములలో నుండిరి. ప్రజలు మాత్రము సంఘముల మాట వినిరి. ఫ్రాన్సుతో నొడంబడిక జరుగుటకు మూఁడేండ్లు ముందే, తొలి తుపాకి ప్రేలుటకుఁ గొన్నినెలలు ముందే, పెక్కుచోట్ల రాజ్యాధికారము చేతులు మాఱినది. పూర్వశక్తి యనఁగా నిదియే.

రెండవ లక్షణము సాధనములు లేనిచోటను గర్త కానవచ్చుట. 1775 ఏప్రిలు 19 వ తేది నాంగ్లేయదళ మొకటి కాంకర్డు గ్రామమున దాఁచిన మందుగుండును బట్టుకొనుటకు బోస్టను వెడలెను. త్రోవలో లెక్సింగ్టనుకడ నెనమండుగురు గ్రామస్థులు చచ్చిరి. కాని మరలివచ్చునపు డా దళమునకు దారిపొడవునను ఱాతిగోడల చాటునుండి గుండ్లవాన కురిసెను. కర్షకులు నాఁగళ్లను విడిచి వచ్చి బోస్టను పట్టణమును ముట్టడించిరి. జూను 17 వ తేది బంకరుగుట్టకడ జరిగిన పోరున నాంగ్లేయులే స్థలమును గైకొనిరి. కాని వేయిమందికిఁ బైగా హతులును క్షతగాత్రులును నైరి. అంతకు రెండుదినములముందు కాంగ్రెసు వర్జీనియా వాసి యగు జార్జి వాషింగ్టనును సేనాధిపతిగా నియమించెను. ఆ శీతకాలమున హెన్రీ నాక్సు అను పుస్తకవిక్రేత టైకాండెరోగా కోటనుండి మంచుపై జాఱుబండ్లతో నించుమించు 300 మైళ్లు ఫిరంగులను లాగించుకొని వచ్చెను. అవి బోస్టనునకు దక్షిణమునఁగల మిట్టలమీఁదఁ గానవచ్చినంతనే యాంగ్లేయులు 1776 మార్చి 17 వ తేది నోడలెక్కి పోయిరి.

జూలై 4 వ తేది స్వాతంత్ర్యప్రకటనము కాంగ్రెసుచే నంగీకరింపఁబడెను. పలుకుట సులభము, నిలుపుకొనుట కష్టము. కొన్ని వారములలోనే ముప్పదివేలకుఁ బైఁబడిన యాంగ్లేయసైన్యము, జర్మను కూలిదళములతోఁగూడ న్యూయార్కున దిగెను. ఆగస్టు 27 వ తేది లాంగు ఐలండు పోరున వాషింగ్టను ఘోరముగా నోడెను. ఐనను రెండుదినముల పిదప రాత్రివేళఁ బొగమంచుచాటున దాదాపు తొమ్మిదివేలమందిని పడవలలో నేఱు దాఁటించెను. నవంబరులో నొక కోటయు రెండువేలయెనిమిదివందలమంది సైనికులును శత్రువుల పాలైరి. డిసెంబరు ముగియునప్పటికి మిగిలినవారిలోఁ బెక్కుర కొడంబడికగడువు తీఱవచ్చెను. ఆ దశలో డిసెంబరు 25 వ తేది రాత్రి, మంచుగడ్డలు కొట్టుకొనివచ్చు డెలవేరు నదిని 2,400 మందితో దాఁటి, మఱునాఁ డుదయమున ట్రెంటనులోని జర్మనుదళముపైఁ బడి తొమ్మిదివందలమందిని జెఱపట్టెను. వారమునకుఁ బిదపఁ బ్రిన్స్టనుకడ మఱొక జయము కలిగెను. ఇవి చిన్నపోరులే. కాని సైన్యమున్నదని లోకమునకుఁ దెలిపినవి యివియే.

మఱునాఁటి యేఁడు కెనడానుండి బర్గాయిను సేనాని హడ్సను నదీమార్గమున దిగివచ్చెను. న్యూయార్కునుండి హోవె సేనాని యెదురువచ్చి కలిసినచో నుత్తరపు వలసలు రెండుగాఁ జీలిపోవును. కాని హోవె ఫిలడెల్ఫియాను బట్టుకొనఁ గోరి సముద్రమార్గమున నటు తరలెను. అడవులలోఁ జెట్లు నఱకి త్రోవల కడ్డముగాఁ బడవైచి, వంతెనలు కూలఁద్రోసి, ధాన్యము దాఁచి, ఇరుగుపొరుగు దేశములనుండి దళములు గుంపులుగాఁ జేరి వలసవారు బర్గాయినును జుట్టుముట్టిరి. 1777 అక్టోబరు 17 వ తేది సారటోగాలో దాదాపు ఆఱువేలమందితో నతఁడు లొంగిపోయెను. అప్పటి కమెరికా నేలపై ఫ్రెంచి దళ మొకటియైనను లేదు.

ఇచట నొక యాక్షేపము కలదు. ఫ్రెంచి దళము లేకున్నను ఫ్రెంచి మందుగుండు లేదా యని. ఉన్నది. 1776 నుండియే ఫ్రాన్సును స్పెయినును ధనమును రహస్యముగా నిచ్చెను. నాటకకర్త యగు బోమార్షే యొక బూటకపు వర్తకసంస్థ పేరఁ దుపాకులను మందును బంపుచుండెను. వలసలయందు మందు చేయు యంత్రములు మిక్కిలి తక్కువ గాన, తొలి యేండ్లలో వాడఁబడిన మందులో నధికభాగము విదేశములనుండి వచ్చినదే. కావున రెండవ లక్షణము సంపూర్ణముగాఁ గుదురలేదని యొప్పుకొనవలయును. కాని కట్టెలు పొరుగింటివైనంతమాత్రమున వంట పొరుగువారిది కాదు.

మూఁడవ లక్షణము ప్రతినిధి లేకుండుట. ఒక సాధనము లోపించిన మఱొకదానితోఁ బని గడచును. కర్త లోపించినచో క్రియయే లేదు. ఆంగ్లేయు లీ యెనిమిదేండ్లలో బోస్టనును, న్యూయార్కును, ఫిలడెల్ఫియాను, సవానాను, చార్లెస్టనును వేర్వేఱు కాలములఁ బట్టుకొనిరి. ఐరోపాలో రాజధాని పోయిన రాజ్యము పోవును. ఇచట ఫిలడెల్ఫియా పోయినపుడు కాంగ్రెసు యార్కు అను చిన్నయూరికిఁ దరలి పనిచేసికొనుచుండెను. పట్టణమునకు మఱొక పట్టణము ప్రతినిధి. ద్రవ్యమునకును నట్లే. కాంగ్రెసు అచ్చువేసిన కాగితపుడబ్బు 1780 నాఁటికి వ్రాఁతవిలువలో నలువదవవంతునకు దిగజాఱినది. పిదప సరకురూపమునఁ బన్నులు తీసికొనుటయు, ఫ్రాన్సువద్దను డచ్చివారివద్దను ఋణములు చేయుటయు జరిగినవి. సేనానులలో నొకఁడు చెఱపడెను. సారటోగాలోఁ బేరుగాంచిన బెనెడిక్టు ఆర్నాల్డు 1780 లో శత్రుపక్షమున కమ్ముడువోయెను. వారి స్థానములందు మఱికొందఱు వచ్చిరి.

ప్రతినిధి లేనిది నిలువఁదలఁచిన జనసమూహ మొక్కటే. 1777 డిసెంబరు మొదలు 1778 జూను వఱకు వాలీఫోర్జి యను చోటఁ గఱ్ఱగుడిసెలలో నున్న సైన్యమున రమారమి రెండువేలమంది రోగములచేతఁ జచ్చిరి. చెప్పులు లేవు, కంబళ్లు లేవు. దేశమున ధాన్యమున్నను దెచ్చుటకు బండ్లు లేవు. ఆ గుడిసెలలోనే ప్రష్యాదేశపు యోధుఁడు స్టూబెను వారికిఁ గవాతు నేర్పెను. మసూచికము పోరులకంటె నెక్కువ ప్రాణములను దీయుచుండుటచే, 1777 లోనే వాషింగ్టను సైనికుల కందఱకు నా రోగపు రసిని గొంచెముగా నెక్కించి రక్షణ కల్పింప నాజ్ఞాపించియుండెను. ఈ యాజ్ఞ యొక పెద్దపోరును గెలుచుటతో సమానము.

ఆంగ్లేయులకుఁ గావలసిన ప్రతినిధులు దొరకలేదు. దక్షిణపు వలసలలో రాజభక్తు లెక్కువగా నున్నారనియు, తాము పట్టిన దేశమును వారు పాలింతురనియు నమ్మి, వారు 1778 తుద మొదలుకొని యుద్ధము నటు మరలించిరి. 1780 మే 12 వ తేది చార్లెస్టనులో నైదువేలమంది లొంగిరి. ఆగస్టులోఁ గామ్డెనుకడ మఱొక సైన్యము నాశమయ్యెను. దక్షిణము గెలిచినట్లే కానవచ్చెను. కాని సైన్యము ముందుకు నడచినంతనే వెనుకటి నేల మరల శత్రుభూమి యగుచుండెను. అక్టోబరు 7 వ తేది కింగ్సుకొండకడఁ గొండసీమవారు రాజభక్తుల దళమును రూపుమాపిరి. 1781 జనవరి 17 వ తేదిఁ గౌపెన్సుకడ మోర్గను గెలిచెను. నెథేనియలు గ్రీను అను సేనాని పెద్దపోరులలో నొక్కటియుఁ దిన్నగా గెలువలేదు. కాని గిల్ఫర్డుకడ మార్చి 15 వ తేది నతనిని వెడలఁగొట్టిన కారన్వాలీసు తన సైనికులలో నాలుగవవంతునకుఁ బైగాఁ గోలుపోయెను. అట్టి జయములు పెక్కు కలిగినచో సైన్యమే మిగులదు. తన ప్రజలనడుమ నోడినవానికి మరల మనుష్యులు దొరకుదురు. పరదేశమున గెలిచినవానికి సముద్రము దాఁటిరావలయును. ఇంగ్లండు తన తప్పిదములచేతనే యోడిన దనువాద మిచటఁ గొంత సడలుచున్నది. తప్పిదములు జరిగినవి. కాని తప్పిదమును ఓటమిగా మార్చుటకుఁ బక్కన నెవఁడో కాచికొనియుండవలయును.

నాలుగవ లక్షణము సాధనములు కర్త కధీనములగుట. సారటోగా జయవార్త డిసెంబరు తొలిదినములలోఁ బారిసునకుఁ జేరెను. 1778 ఫిబ్రవరి 6 వ తేది బెంజమిను ఫ్రాంక్లిను మున్నగువారు ఫ్రాన్సుతో మైత్రీసంధి కావించిరి. గెలువఁగలవారని తోఁచిన పిమ్మటనే ఫ్రాన్సు బహిరంగముగాఁ గత్తి దూసెను. సాయము జయమునకుఁ గారణమగుటకుముందు జయము సాయమునకుఁ గారణ మయ్యెను. 1779 లో స్పెయినును, 1780 తుదను డచ్చివారును ఇంగ్లండుతోఁ బోరునకు దిగిరి. వలసలలోని పోరు భూగోళమెల్ల వ్యాపించెను.

తెలుఁగుదేశమునకును దీని వేఁడి తగిలినది. ఫ్రాన్సుతో విరోధము పుట్టఁగానే కంపెనీ సైన్యములు 1778 అక్టోబరులోఁ బుదుచ్చేరిని, మఱునాఁ డేఁట మాహేను బట్టుకొనెను. మాహే తన రక్షణలోని దని హైదరాలీ యాగ్రహించుట యతఁడు 1780 లోఁ గర్ణాటకముపైఁ బడుటకుఁ గారణములలో నొకటి. అపుడు గుంటూరు సీమనుండి మద్రాసుసైన్యముతోఁ గలియుటకుఁ దరలిన బెయిలీ దళమే సెప్టెంబరు 10 వ తేదిఁ గాంచీపురసమీపమునఁ బొల్లిలూరుకడ నాశమయ్యెను. 1782 లోఁ బెన్సిల్వేనియావారు తమ యుద్ధపుటోడ కొకదానికి హైదరాలీ పేరు పెట్టిరి. ఆ యోడ ఏప్రిలులో డెలవేరు అఖాతమున నాంగ్లేయుల యోడ నొకదానిని బట్టుకొనెను. 1783 జూనులోఁ గడలూరుకడ బుస్సీ సైన్యమును ఆంగ్లేయులును బోరుచుండఁగా సంధివార్త వచ్చి పోరు నిలిచినది. లెక్సింగ్టను పచ్చికబయలునఁ బ్రేలిన తుపాకి ప్రతిధ్వని కోరమండలతీరమున నడఁగినది.

ఇట్లు చెదరిన యాంగ్లేయనౌకాబల మమెరికాతీరమునఁ గొఱఁతపడినది. 1781 లోఁ గారన్వాలీసు వర్జీనియాలోని యార్కుటౌనుకడఁ గోట కట్టుకొని యోడలకై యెదురుచూచుచుండెను. వాషింగ్టను న్యూయార్కును ముట్టడింప నుత్సహించుచుండెను. ఫ్రెంచి నౌకాధిపతి ద గ్రాసు తన యోడలు చెసపీకు అఖాతమునకు వచ్చునని ఆగస్టులో వార్త పంపెను. వాషింగ్టను వెంటనే తన సంకల్పమును మార్చుకొని, న్యూయార్కున నున్న శత్రువును భ్రమపెట్టి, రోషాంబో సేనతోఁగూడ దక్షిణమునకు నడచెను. సెప్టెంబరు 5 వ తేది చెసపీకు ముఖద్వారమున 24 ఫ్రెంచి యోడలు 19 ఆంగ్లేయనౌకల నెదిర్చి నిలిపెను. అఖాతపుద్వారము మూతపడెను. అక్టోబరు 19 వ తేదిఁ గారన్వాలీసు ఏడువేలమందికిఁ బైగా సైనికులతో లొంగెను. తాను రోగినని చెప్పి కత్తి నప్పగించుటకు మఱొక సేనానిని బంపెను.

ఫ్రెంచిపక్షమువా రాధారపడు ఘట్ట మిదియే. యార్కుటౌను చుట్టు నున్న భూసైన్యమున ఫ్రెంచివారు సగమునకు సమీపముగా నుండిరి. ఓడలలోని నావికులను గూర్చినచో నమెరికావారికంటె వారే యధికులు. ముట్టడివిద్య వారిది, ఫిరంగులలో బలమైనవి వారివి, స్థలనిర్ణయమును వారిదే. దీనిని దాఁచుట సత్యమునకు విరోధము. ఐనను రోషాంబో వాషింగ్టను నాజ్ఞకు లోఁబడి నడువవలెనని తన రాజుచేత నియుక్తుఁడై వచ్చినవాఁడు. కారన్వాలీసును గరోలినాసీమలలో నలసటపఱచి సముద్రతీరమునకుఁ దఱిమినవి గ్రీను సేనయుఁ, బేరులేని పల్లెదళములును. వేఁటకుక్కలు మృగమును మూలకుఁ దెచ్చినపిదప వల వేసినవాని నేర్పు మెచ్చఁదగినదే. కాని వేఁట వలవానిది మాత్రమే కాదు.

అయిదవ లక్షణము నిలుపుట. మొదలుపెట్టుటకంటె నాపుట కష్టము. సంధివిషయమున ఫ్రాన్సునకుఁ దెలియక యేపనియుఁ జేయరాదని కాంగ్రెసు 1781 లోఁ దన ప్రతినిధుల కాజ్ఞాపించియుండెను. ఫ్రాంక్లిను, జాను ఆడమ్సు, జాను జే యనువారు పారిసులో నుండి, ఫ్రాన్సు తనకును స్పెయినునకును లాభము చూచుకొని తమ పడమటి సరిహద్దులను గుదింపఁగలదని శంకించి, ఆ యాజ్ఞను మీఱి యాంగ్లేయులతో స్వయముగా మాటలాడిరి. 1782 నవంబరు 30 వ తేది పూర్వసంధిపత్రముపై వ్రాలుచేసిరి. ఫ్రాన్సునకు సంధి కుదిరినపిమ్మటనే యది చెల్లునని నియమ ముంచి, మైత్రికి మాటదక్కించిరి. మిసిసిపీ నదివఱకు నేల వారిదైనది. 1783 సెప్టెంబరు 3 వ తేదిఁ దుదిసంధి జరిగెను. సాయము చేసినవారి చేతిలోఁ బనిముట్టు గాక నిలుచుట యీ సంధియందుఁ గన్పట్టినంత స్పష్టముగా నే పోరునందును గన్పట్టదు.

శత్రువును నిలిపినవారు తమ కత్తిని గూడ నిలుపవలసివచ్చెను. జీతములు లేక నలిగిన సైనికాధికారులు 1783 మార్చిలో న్యూబర్గుకడఁ గాంగ్రెసుపై నొత్తిడి చేయఁ దలపెట్టిరి. వాషింగ్టను వారి సభకు స్వయముగా వచ్చి వారించెను. డిసెంబరు 23 వ తేది ఆనాపొలిసులోఁ గాంగ్రెసు నెదుట నిలిచి సేనాధిపత్యమును ద్యజించి తన పొలమునకుఁ బోయెను. గెలిచిన సేనానులు రాజులగుట లోకమునఁ బరిపాటి. ఇచట సైన్యము సాధనముగానే ముగిసెను; కర్తృత్వము ప్రజాసభయందు నిలిచెను.

కావున సిద్ధాంత మిది. ఫ్రాన్సు లేనిచో 1781 నాఁటి జయము లేదు. ఇంగ్లండు తప్పిదములు లేనిచో 1777 నాఁటి జయమును లేకపోవచ్చును. ఐనను ముందు శక్తి నార్జించినవారు, ఓటములలో నిలిచినవారు, సాయమును దమ పనికిఁ ద్రిప్పుకొన్నవారు, తుదకు నిలిపినవారు వలసవారే. కర్తలు వారే.

ఈ సిద్ధాంతమునకు శేషమొకటి కలదు. ఆ వలసల జనులు రమారమి ఇరువదియైదులక్షలు, అందైదవవంతు నీగ్రోదాసులు. మనుష్యులందఱును సమానులుగా సృజింపఁబడిరని ప్రకటనమును రచించిన జెఫర్సనును, సేన నడపిన వాషింగ్టనును దాసులను గలిగినవారే. యజమానుల భాషలో దాసుఁడు కరణము. నాఁగలివలె, గుఱ్ఱమువలె వాడఁదగినవాఁడు. కాని వ్యాకరణము దీని నొప్పదు. ఒరులు ప్రేరేపింపఁగాఁ బనిచేయువాఁడును గర్తయే. వానికిఁ బ్రయోజ్యకర్త యని పేరు. ప్రేరణకు లోఁబడినను వాని కర్తృత్వము నశింపదు. ఆ సత్యమును దాసులు తమ నడవడిచేతనే చూపిరి. రాజపక్షమునఁ జేరు తిరుగుఁబాటుదారుల దాసులకు విముక్తి నిత్తునని 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్మోరు ప్రకటింపఁగా, ప్రాణములకుఁ దెగించి పరుగెత్తినవారు పెక్కురు. వలసవారి పక్షమునను నీగ్రోలు పోరిరి. 1778 లో రోడుఐలండువారు దాసులకు విముక్తి యొసఁగి దళము కూర్చిరి. యుద్ధాంతమున మూఁడువేలమంది నల్లవారు న్యూయార్కునుండి యాంగ్లేయుల యోడలలో వెడలిపోయి స్వతంత్రులైరి. వారికి స్వాతంత్ర్యము ఓడినవారి యోడలమీఁద దొరకినది. ఉత్తరపు వలసలు కొన్ని యుద్ధకాలముననే దాస్యమును దొలఁగింప నారంభించినను, దేశమంతటను నది చట్టముచేఁ బోవుటకు 1865 వఱకు నాగవలసివచ్చెను.

అడవిజాతులవారి గతియు నట్టిదే. 1779 లో వాషింగ్టను నాజ్ఞచే సల్లివాను సేనాని ఇరోక్వాయి జాతులవారి గ్రామములను, పంటలను, పండ్లతోఁటలను దగులఁబెట్టించెను. ఆ జాతులలో నొనైడాలు వలసవారికి మిత్రులై పోరిరి. 1783 నాఁటి సంధిపత్రమున వారి భూములు చేతులు మాఱినవి. వారి పేరు మాత్రము లేదు.

తమకుఁ బ్రతినిధి లేని సభ తమపైఁ బన్ను విధింపరాదని 1765 లో వాదించినవారు, తమ సభలయందుఁ బ్రతినిధి లేని జనులపై 1783 పిదపను శాసనములు చేయుచునే యుండిరి. వలసవారు స్వాతంత్ర్యమును గెలిచిరనుట సత్యము. స్వతంత్రుఁ డనఁగాఁ దన తంత్రము గలవాఁ డని యర్థము గాని, ఒరుల తంత్రమును హరించువాఁ డని కాదు. ఈ రెండవ యర్థభేదమును వారు తెలిసికొనుటకు మఱొక యుద్ధము కావలసివచ్చెను.